కత్తికి ముందు ఒక రక్తపరీక్ష

గొంతులో గడ్డ అనగానే ఇంటిల్లిపాదికీ గుర్తొచ్చేది క్యాన్సరే. అది కాదని తేలగానే రెండో ప్రశ్న: "మరి తీసేస్తారా డాక్టరుగారూ?" తీయడం చాలావరకు కష్టమేమీ కాదు. అసలది ఇప్పుడే ఎందుకు పెరిగిందో తెలుసుకోకుండా తీయడంలోనే ఉంది చిక్కు.

పదమూడేళ్ల అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. కొన్ని నెలలుగా ముద్ద దిగేటప్పుడు ఏదో అడ్డం పడుతోందట. మాట కూడా నోట్లో అన్నం పెట్టుకుని మాట్లాడినట్టుంది. నాలుక నొక్కి చూస్తే వెనకాల, సరిగ్గా మధ్యలో, ఎర్రగా గుండ్రంగా ఒక బుడిపె. అంతకుముందు చూపించుకున్న చోట ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చేశారు. నేను మెడ తడిమి చూశాను. థైరాయిడ్ గ్రంథి ఉండాల్సిన చోట చేతికేమీ తగల్లేదు. అల్ట్రాసౌండ్‌లోనూ అక్కడ ఖాళీయే. ఐసోటోప్ స్కాన్ చేయిస్తే ఆ పిల్ల ఒంట్లో ఉన్న థైరాయిడ్ మొత్తం నాలుక మొదట్లోనే కనిపించింది.

తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు అందరికీ థైరాయిడ్ నాలుక మొదట్లోనే మొలుస్తుంది. అక్కణ్ణుంచి కిందికి దిగి, ఏడో వారానికల్లా మెడలో తన చోటికి చేరుకుంటుంది. అరుదుగా కొందరిలో దిగకుండా అక్కడే ఉండిపోతుంది. అలాంటి వాళ్లలో ఎక్కువమందికి వేరే థైరాయిడ్ ఉండదు. ఆ బుడిపెను కోసేస్తే గ్రంథి మొత్తం పోయినట్టే.

"పుట్టినప్పట్నుంచీ ఉన్నదైతే ఇన్నాళ్లూ ఎందుకు తెలీలేదండీ?" అని వాళ్లమ్మ అడిగింది. మంచి ప్రశ్న. ఆ చిన్న గ్రంథి చిన్నతనంలో ఒంటికి సరిపడా హార్మోను ఎలాగో అందించింది. ఈడొచ్చే వయసులో అవసరం పెరిగింది, అందించలేకపోయింది. రక్తంలో థైరాక్సిన్ తగ్గితే మెదడు కింద ఉండే పిట్యూటరీ ఊరుకోదు, టీఎస్‌హెచ్ అనే హార్మోనును ఎక్కువగా వదులుతుంది. అది థైరాయిడ్‌ను పనిచేయమనడమే కాదు, పెరగమని కూడా చెబుతుంది. గర్భిణుల్లో కూడా ఇలాగే ఉన్నట్టుండి బయటపడుతుంది.

కాబట్టి మందు కూడా హార్మోనే. థైరాక్సిన్ మాత్ర పరగడుపున, కాఫీ టీలకు కనీసం అరగంట ముందు వేసుకోమన్నాను. "మాత్రతో కరిగిపోతుందా?" అంది ఆమె. "కరగదమ్మా, కుంచించుకుంటుంది. మాత్ర మాత్రం మానకూడదు" అన్నాను. నెలలు గడిచేకొద్దీ టీఎస్‌హెచ్ దిగింది, మాట తేటపడింది, ముద్ద దిగింది. రక్తం కారినా, ఊపిరికి అడ్డం పడినా ఆపరేషన్ తప్పదు. ఆ పిల్లకు ఆ అవసరం రాలేదు.

మగపిల్లల్లో కథ వేరు. మీసాలొచ్చే వయసులో, ఒకవైపు ముక్కు బిగుసుకుపోయి, అదే ముక్కులోంచి మాటిమాటికీ బొటబొటా రక్తం కారుతుంటే నేను ముక్కు వెనక, గొంతు పైభాగంలో యాంజియోఫైబ్రోమా కోసం వెతుకుతాను. ఇది దాదాపుగా యుక్తవయసు మగపిల్లలకే వస్తుంది. ఈ కంతిలో మగ హార్మోన్లను అందుకునే గ్రాహకాలున్నాయని తేలింది. క్యాన్సర్ కాదు కానీ మొత్తం రక్తనాళాల ముద్ద. ఓపీలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదామనుకుంటే రక్తం ఆగదు. స్కాన్‌తోనే నిర్ధారించుకుని, ముందుగా దానికి రక్తమిచ్చే నాళాన్ని మూసి, ఆ తర్వాత ఆపరేషన్ చేస్తాం. వయసు దాటితే అదే తగ్గుతుందిలే అని కూర్చునే పెద్దలను చూశాను. కూర్చోవద్దు.

అలాగని ప్రతి గడ్డకూ హార్మోన్ల మీద నేరం మోపడం కూడా తప్పే. రోజంతా అరిచి పాఠాలు చెప్పే టీచర్ల స్వరతంత్రుల మీద వచ్చే బుడిపెలకు కారణం ఆ అరుపే. పిల్లల స్వరపేటికలో గుత్తులుగా పెరిగే పాపిల్లోమాలు వైరస్ పని. శ్రీకాకుళం వైపు కొందరు ఆడవాళ్లు చుట్టను నిప్పువైపు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగుతారు. అలా తాగే ఒకామె గొంతు మగగొంతులా మారి వచ్చింది. స్వరతంత్రులు నీరుపట్టి ఉబ్బాయి. పరీక్షలో థైరాయిడ్ లోపం కూడా ఉంది, అది కూడా ఆ వాపును పెంచగలదు. కానీ ప్రధాన ముద్దాయి చుట్టే. మాత్ర రాశాను, చుట్ట మానమన్నాను. మాత్ర వేసుకుంది.

ఇంకో పొరపాటు మన ఊళ్లలో బాగా చూస్తున్నాను. థైరాయిడ్‌లో చిన్న గడ్డ ఉంటుంది, టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది, అయినా "గడ్డ తగ్గడానికి" అంటూ ఏళ్ల తరబడి థైరాక్సిన్ మింగుతుంటారు. ఒకప్పుడు అలా ఇచ్చేవాళ్లం. ఇప్పుడు మామూలుగా ఇవ్వకూడదంటున్నారు. గడ్డ పెద్దగా తగ్గదు సరికదా, పెద్దవయసు వాళ్లలో గుండెదడ, ఎముకలు గుల్లబారడం వంటివి మొదలవుతాయి. లోపం ఉన్నవాళ్లకే ఆ మాత్ర.

నాలుక వెనక గడ్డ ఉందని ఎవరైనా ఆపరేషన్ తేదీ ఇస్తే, మెడ స్కానింగ్, టీఎస్‌హెచ్ పరీక్ష అయ్యాయా అని అడగండి. అడిగినందుకు కోప్పడే డాక్టరైతే ఇంకో డాక్టర్ని చూడండి.