ఆల్సాస్‌లో సైకిళ్ళు, చిక్కబళ్ళాపురంలో ద్రాక్ష

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. చివర్లో ఒక పని కూడా అడుగుతాను.

సెప్టెంబరులో మన సంఘం నుంచి తొమ్మిదిమందిమి ఫ్రాన్స్ వెళ్ళొచ్చాం. ఫోటోలు చూసి సగంమంది అడిగిన ప్రశ్న ఒకటే: "తాగి సైకిల్ తొక్కారా?" లేదండీ. అక్కడ కారు నడిపేవాడికి ఉన్న పరిమితే సైకిల్ తొక్కేవాడికీ ఉంది, లీటరు రక్తానికి అర గ్రాము. రుచి చూసి ఉమ్మెయ్యడానికి బల్ల మీద గిన్నె పెడతారు, ఉమ్మితే ఎవరూ తప్పు పట్టరు. మనలో నలుగురు అసలు ముట్టనివాళ్ళు. వాళ్ళు ద్రాక్షరసం తాగి, మా అందరికంటే హుషారుగా తిరిగారు.

ఆల్సాస్ జర్మనీ సరిహద్దు పక్కన ఉంటుంది. కొండవాలు పొడవునా 170 కిలోమీటర్ల వైన్ దారి, 1953లో మొదలుపెట్టారు. మేం కోల్మార్‌లో బస చేసి, రోజుకి ముప్పై కిలోమీటర్లు మించకుండా ఎగిస్‌హైమ్, కేజర్స్‌బెర్గ్, రిక్‌విర్ చూశాం. అరవై దాటినవాళ్ళు బ్యాటరీ సైకిళ్ళు తీసుకున్నారు, ఎక్కుడు వస్తే వాళ్ళే ముందు. రాత్రికి పులిహోర పేస్టు, ఆవకాయ. ఊళ్ళు ఎంత అందంగా ఉంటాయో ఫోటోల్లో చూశారు కదా, మళ్ళీ రాయను.

నన్ను పట్టుకున్నది రిబోవిలే ఊరు. అక్కడ ద్రాక్ష రైతులు 1895లో పెట్టుకున్న సహకార సంఘం ఇప్పటికీ నడుస్తోంది. రైతు పండు తెచ్చి పోస్తాడు. వైన్ చెయ్యడం, సీసాకెత్తడం, అమ్మడం సంఘం పని. అది చూస్తున్నంతసేపూ మా మామగారే గుర్తొచ్చారు.

మా అత్తవారిది చిక్కబళ్ళాపురం దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. రెండెకరాల బెంగళూరు బ్లూ తోట. 2013లో జీఐ గుర్తింపు వచ్చిన రకమే, నల్లగా, గింజలతో, మందపు తోలుతో ఉంటుంది. ఆల్సాస్‌లో చలికి తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది, ఏడాదికి ఒకే పంట. మన దగ్గర తీగకి నిద్రే లేదు, బెంగళూరు బ్లూ రెండు పంటలిస్తుంది. అక్కడి రైతుకి ఈ మాట చెప్తే నన్నొక అబద్ధాలకోరులా చూశాడు.

రెండు పంటలొచ్చినా మిగిలేది తక్కువే. నంది కొండ కింద దొడ్డబళ్ళాపురంలో గ్రోవర్ వాళ్ళ వైన్ తోటలున్నాయి, కాని అవి ఫ్రెంచి రకాలు. మామగారి పండు బజారుకో, జ్యూసుకో, జాముకో పోవాలి. వ్యాపారి తోట మీదే బేరమాడి అడ్వాన్సు ఇస్తాడు. ధర పడితే కోతకొచ్చిన రోజున ఫోనెత్తడు. మూడో బోరు పన్నెండు వందల అడుగులు దిగింది. తోట పీకేసి లేఅవుట్ వాళ్ళకి ఇచ్చేద్దామని మా బావమరిది పట్టుబడుతున్నాడు. వాడికీ ఇద్దరు పిల్లలు, వాడి మాటా కొట్టిపారెయ్యలేం. మామగారు అవుననరు, కాదనరు, పొద్దున్నే లేచి తోటలోకి వెళ్ళిపోతారు.

2020 మార్చి గుర్తుందా? లాక్‌డౌన్‌లో కొనేవాడు లేక ఆ జిల్లా ద్రాక్ష పారబోశారు. మనం గేటు దగ్గర టెంపో పెట్టించి మూడు గంటల్లో ఖాళీ చేశాం, రైతుకి ఆ సాయంత్రమే డబ్బు అందింది. అప్పుడు జాలితో కొన్నాం. ఈసారి లెక్కగా కొందామని నా ప్రతిపాదన.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం సైకిళ్ళు కార్లలో వేసుకుని దేవనహళ్ళి దాకా వెళ్దాం. హైవే వద్దు, అక్కణ్ణుంచి పల్లెదారుల్లో తోటకి తొక్కుకుంటూ పోదాం. భోజనం మా అత్తగారింట్లో, రాగిసంకటి. రాలేనివాళ్ళు పెట్టెలు ముందే చెప్పండి, ఇంటికి ఐదు కిలోలు. ముప్పై ఇళ్ళు చేరినా నూట యాభై కిలోలే, తోట మొత్తానికి సముద్రంలో కాకిరెట్ట. అయినా వ్యాపారి వచ్చినప్పుడు మామగారి నోట ఒక ధర ఉంటుంది. పక్క సంఘాలు కూడా కలిస్తే ఆ మాట వేరు. ముప్పై పేర్లు వచ్చేదాకా ఆయనకి చెప్పను, ఆశపెట్టడం ఇష్టం లేదు.

పిల్లలు గింజలని గోల చేస్తారు. పండు కొంచెం నీళ్ళతో ఉడికించి, పిండి, వడగట్టి, చక్కెర వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. రంగు చూసి వాళ్ళే అడుగుతారు. పేరు, ఫ్లాట్ నంబరు కింద కామెంట్లో రాయండి.