బెడ్‌ఫర్డులో మేము నేర్చిన మాట



గత వేసవిలో మా మఱిది యాహ్వానముపై మేమును మావారును ఇంగ్లండు దేశమునకు పోయి, బెడ్‌ఫర్డు పట్టణమున పదునైదు దినము లుంటిమి. లండనునకు ఉత్తరముగా నించుమించు 50 మైళ్ల దూరమున, గ్రేట్ ఊజ్ నది యొడ్డున నున్నది యీ పట్టణము. అనుమతి లేక మతబోధ చేసినందులకు జాన్ బన్యన్ 1660 మొదలు 1672 వఱకు చెఱ నుండిన దిచ్చటనే. నోరు విప్పినందులకు చెఱ కేగినవాని యూర, మేము నోరు విప్ప వెఱచి యుంటిమి. ఇంట కావ్యములు చదివితిమి గాని, యాంగ్లమున సంభాషించుట మాకు క్రొత్త. తప్పు దొర్లినచో నవ్వుదురేమో యని వారము దినములు చిఱునవ్వుతోనే గడపితిమి.

ఒకనాడు పొరుగింటి వృద్ధురాలు మమ్ము తేనీటికి పిలిచెను. మన దేశమున పేరంటమునకు పోయినపు డడుగునట్లే, పిల్లలెందరని యామె నడిగితిమి. ఆమె చేతిలోని కప్పు అట్లే నిలిచెను. ఒక్కగానొక్క కుమారుడు చిన్ననాడే గతించెనట! మఱిది తల వంచుకొనెను. మేము నాలుక కఱచుకొని, క్షమింపుడని వేడితిమి.

ఆమె మా చేయి పట్టుకొని, "క్లాంగరు జారవిడుతుమేమో యన్న భయమున నిచ్చట నెవ్వరును వాని మాట యెత్తరు. వాని పేరు పలికి యెన్నాళ్లయినదో!" యనెను. పిదప వాని ఛాయాపటము చూపి, చీకటిపడు వఱకు వాని ముచ్చటలే చెప్పెను.

దారిలో మఱిది యా మాట కర్థము చెప్పెను. 'క్లాంగ్' అనగా లోహపు మోత. పేరంటములో నిత్తడిబిందె జారిపడినట్లు నలుగురికిని వినబడు పొరపాటును బ్రిటనువారు క్లాంగ రందురు. బడిపిల్లలు పరీక్షలలో వ్రాయు వింత తప్పులు 'హౌలర్లు', అనగా ఊళలు. నగుబాటు మాట యాడినచో, "దానిలో కాలు పెట్టితివి" అందురట. మావారు నవ్వి, "ఆ 'దానిలో' ఏమున్నదో మనవారికి తెలియును: పప్పు!" అనిరి.

మఱునా డామె మఱియొక క్లాంగరును పంపెను. ఇది యా సీమకు ప్రసిద్ధమైన తినుబండారము. నిడుపైన పిండి పొట్లమున నొక కొనను మాంసము, రెండవ కొనను పండ్లపాకము నుంచి వండుదురు. పూర్వము కూలివారు దీనిని పొలములకు గొనిపోయెడివారు. మా కొఱ కామె కొవ్వునకు బదులు వెన్నయు, మాంసమునకు బదులు ఉర్లగడ్డయు వాడినది. ఉప్పన ముగిసిన చోటనే తీపి మొదలయ్యెను.

కాలు జారిన తీసికొనవచ్చును, నోరు జారిన తీసికొనలేమని మన పెద్దల మాట. అది సత్యమే. కాని జారునేమో యని నోరు మూసికొన్నచో, పొరుగింటి దుఃఖము పలుకరించువారు లేక యుండును. బయలుదేరునాడు ఆ తల్లి కడకు పోయి, కుమారుని పేరు చెప్పి, వాని పటము మఱియొకసారి చూపుడని మేమే యడిగితిమి.