ఎడమ కాలి చెప్పు

బియ్యం బస్తా ఎత్తబోయి వంగిన తెలుగు మాస్టారు అలాగే ఉండిపోయారు. యాభై రెండేళ్ల మనిషి. పట్టుకుని మంచం మీదకి చేర్చారో లేదో, సలహాలు మొదలు!

'ఎముకల డాక్టరుకి చూపించండి' అన్నారు పక్కింటాయన. 'కాదు మామయ్యా, ఇది నరాలది. న్యూరో వాళ్లే చూడాలి' అంది మేనకోడలు. బావమరిదైతే పుత్తూరు కట్టు కట్టిస్తానంటూ తెనాలి నుంచి రైళ్ల వేళలు కూడా కనుక్కున్నాడు. ఎముక విరిగినవాళ్లు వెళ్లేచోట నడుము పట్టేసినవాళ్లకి ఏం పనో ఆయనకే తెలియాలి.

అదేమిటో, జ్వరమొస్తే వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్తాం. నడుము నొప్పికి మాత్రం జబ్బేమిటో మనమే తేల్చేసి, స్పెషలిస్టునీ మనమే ఎంచుకుంటాం.

మాస్టారు ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. కారణం, అదే స్కూల్లోని లెక్కల మాస్టారు. కిందటేడు ఆయనకీ నడుము పట్టేసింది. కంగారుపడి ముందే ఎమ్మారై తీయించుకుంటే 'డిస్క్ బల్జ్' అని వచ్చింది. ఇక ఆపరేషనే అనుకున్నారు. ఇంటి డాక్టరు కాళ్లు ఎత్తించి, నడిపించి చూసి నవ్వేశారట. నొప్పే లేని మూడు వేల మందికి పైగా స్కానింగుల ఫలితాల్ని కలిపి చూసిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. అందులో యాభై ఏళ్లవాళ్లలో నూటికి 60 మందికి ఈ 'బల్జ్' ఉంది. మంచం పట్టకుండా తిరగమన్నారు. కొద్దిరోజులు మాత్రలు, ఆపైన ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు. నెల తిరిగేసరికి ఆయన మామూలు మనిషయ్యారు.

'నాదీ అంతేలే' అనుకున్నారు తెలుగు మాస్టారు. నిజానికి చాలామందికి అంతే, ఆరు వారాల్లోపు సర్దుకుంటుంది. అయితే ఈయనకి నొప్పి నడుము దగ్గర ఆగలేదు. పిరుదు మీదుగా పిక్కలోకి దిగింది. మూడోవారం ఓరోజు కూరగాయలతో ఇంటికొస్తే భార్య గుమ్మంలోనే అడిగింది.

'ఏవండీ, ఎడమ కాలి చెప్పేదీ?'

జారిపోయిన సంగతే ఆయనకి తెలీదు.

ఆమె ఇంకెవరి సలహా అడగలేదు. ఆటో పిలిచి వీధి చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన మడమల మీద నడవమన్నారు. కుడి పాదం లేచింది. ఎడమ పాదం వేళ్లు నేలని వదల్లేదు. డాక్టరు ఉత్తరం రాస్తూనే ప్రశ్నలు వేశారు. మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పడిపోవడం ఉందా? తొడల మధ్య మొద్దుబారిందా? జ్వరం, బరువు తగ్గడం? లేవన్నారు మాస్టారు. మొదటి రెండింటిలో ఏది ఉన్నా గంటలు లెక్కపెట్టుకోవాల్సిన ఎమర్జెన్సీ అట.

'ఇంతకీ ఎముకల సర్జనా, న్యూరో సర్జనా?' అన్నారు మాస్టారు, ఆ స్థితిలోనూ.

'వెన్నెముక ఆపరేషన్లు చేసేవాళ్లు రెండుచోట్లా ఉంటారు. ఎవరైనా ఫర్వాలేదు. ఇవాళే గుంటూరు వెళ్లండి!'

ఆపరేషనై ఆరు నెలలు. నొప్పి పోయింది. ఎడమ కాలి బొటనవేలు మాత్రం ఇంకా పూర్తిగా లేవడం లేదు. మాస్టారు చెప్పులకి వెనక పట్టీ కుట్టించుకున్నారు. బయల్దేరే ముందు దాన్ని ఆమే ఓసారి లాగి చూస్తుంది.