బంతి విడిచి యీల పట్టిన కథ

మా పాఠశాల వెనుక చింతచెట్టు ప్రక్కన ఎఱ్ఱమట్టి నేలమీద రెండు స్తంభములు కలవు. ఒక్కొక్క స్తంభమునకు నొక పలక, పలకకు నొక యినుపకడియము. వలలు చిరిగి చాలకాలమైనది. ఉదయము గంట మ్రోగుటకు మునుపును, సాయంకాలము బడి విడిచిన పిమ్మటను, ఆ స్తంభముల నడుమ బంతిచప్పుడు వినబడని దినము లేదు. ఈ సంచికకు నేదైన వ్రాయుడని పత్రిక నడుపు విద్యార్థులు మమ్మడుగగా, "పద్యము లల్లుట మాకు రాదు, శాస్త్రవిషయములు మాకు తెలియవు, తెలిసినవి బంతియు నీలయు మాత్రమే" యంటిమి. "అవియే వ్రాయుడు" అనిరి. కావున వ్రాయుచున్నాము. అయితే ఇది మా గెలుపుల పట్టిక కాదు. మేము చేసిన యొక తప్పును, దానివలన నేర్చిన యొక పాఠమును మీ ముందుంచుటయే మా యుద్దేశము.

ముందుగా ఈ బాస్కెట్‌బాల్ ఆట పుట్టుక చెప్పవలెను. 1891 డిసెంబరులో అమెరికాదేశమున స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమునందలి వై.ఎం.సి.ఏ. శిక్షణాలయములో జేమ్సు నైస్మిత్ అను ఉపాధ్యాయు డుండెను. చలికాలమున బయట ఆడ వీలులేక విసిగియున్న విద్యార్థులకొఱకు ఆయన నాలుగు గోడల నడుమ ఆడదగిన యాట నొకదానిని కల్పించెను. వ్యాయామశాలలో మేడవసారా పిట్టగోడకు పండ్లబుట్టలు రెండు కొట్టించి, 13 నియమములు వ్రాసి గోడ కంటించెను. ఆ పిట్టగోడ 10 అడుగుల యెత్తున నుండుటచేత నేటికిని ప్రపంచమంతటను కడియము 10 అడుగుల యెత్తుననే యుండును. 1920లో హారీ క్రో బక్ అను నాయన చెన్నపట్టణమున వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యాలయమును నెలకొల్పెను. అచట తరిఫీదైన డ్రిల్లు మాస్టర్లు దక్షిణదేశపు బడులకు ఈలతోపాటు ఈ యాటనుగూడ తీసికొనిపోయిరి. మాకు నేర్పిన మాస్టరుగారును అచట చదివినవారే.

మేము చిన్నతనమున మంచి యాటగాండ్రమని పేరు పొందితిమి. ఆ దినములలో మన దేశమున ఆటయే వృత్తిగా బ్రదుకుట లేదు. ఆటచేత రైల్వేలోనో, పోలీసుశాఖలోనో, బ్యాంకులోనో యుద్యోగము సంపాదించి, ఆ సంస్థ పక్షమున ఆడుటయే గొప్ప పదవి. ఆ పదవికై మేమెన్ని పర్యాయములు చిత్తూరునుండి పాకాల మీదుగా తిరుపతికి రైలుబండిలో పోయితిమో లెక్కలేదు. సంచిలో సద్దిమూటయు, క్యాన్వాసు జోళ్లును. చంద్రగిరి కోట కంటబడగానే గుండె దడదడ కొట్టుకొనెడిది. తిరుపతి మైదానమున నిలిచి కడియము వంక తలయెత్తిన, దాని వెనుక ఏడుకొండలు నీలముగ గానవచ్చెడివి. కడపటి యెంపికలో ఒక్కొక్కరి పేరే పిలిచిరి. మా పేరు పిలువలేదు. తిరుగుబండిలో పాకాల స్టేషను వచ్చువఱకు మేము తలయెత్తలేదు. తరువాత వ్యాయామోపాధ్యాయ పరీక్ష నిచ్చి, బంతి విడిచి యీల పట్టితిమి. అప్పుడు తెలియలేదు గాని, ఆ పిలువబడని పేరును మేము మా హృదయమున దాచుకొని బడికి వచ్చితిమి. మా తప్పునకు బీజ మదియే.

2000వ సంవత్సరపు చలికాలము. పాకాల ప్రాంతమునుండి వచ్చి పదవ తరగతి చదువు పిల్లవా డొకడు మా జట్టులో నుండెను. తండ్రి మామిడితోటలో కావలివాడు. పిల్లవాడు రివటవలె పొడుగు. బంతి వాని చేతిలో పెంపుడుపిట్ట. ఎగిరిన క్షణమాత్రము గాలిలో నిలిచినట్లు తోచెడిది. వానిని చూచినప్పుడెల్ల మాకు మేమే కనబడుచుంటిమి. పోటీలలో రెండవనాడు వాడు దిగుటలో మోకాలు మెలిపడెను. ఆ రాత్రి మేమే కాపడము పెట్టి గుడ్డ కట్టితిమి. తెల్లవారుసరికి మోకాలు కుండవలె వాచియున్నది. "నొప్పి యెట్లున్నది?" అని యడిగితిమి. వాడు మా ముఖము చూచి, "నొప్పి లేదు సార్" అనెను. అది యబద్ధమని మా కెఱుకయే. ఆ యబద్ధమును వానిచే చెప్పించినది మా ముఖమే. వానిని ఆడించితిమి. కప్పు గెలిచితిమి. కడపటి యీల మ్రోగినపు డందఱును గంతులు వేయుచుండ వాడొక్కడు నేలమీద కూర్చుండి లేవలేకపోయెను.

వేలూరిలో వైద్యులు చూచి, ముందటిదినమున సగము తెగిన మోకాటి బంధనము మఱుదినపు టాటలో పూర్తిగా తెగిపోయినదనిరి. మేము తోటకు పోయి తండ్రితో క్షమాపణ చెప్పుకొంటిమి. ఆయన కోపపడలేదు. కొంతసేపు మిన్నకుండి, "కప్పు మీకొచ్చె గదా సారూ. మావోనికేమొచ్చెనో రోంత చెప్పండి" అనెను. మాకు ప్రత్యుత్తరము దొరకలేదు. కప్పు పాఠశాల బీరువాలో నుండెను; ఆ బీరువా ముందునుండి నడచుటకే మాకు సిగ్గయ్యెను.

మూడు మాసములు గడచెను. 2001 మార్చి 11వ తేదీన ఇంగ్లండులో పుల్లెల గోపీచంద్ అను తెలుగువాడు చైనా యాటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండు బ్యాడ్మింటన్ పోటీలో విజేత యయ్యెను. 1980లో ప్రకాశ్ పదుకొనె గెలిచిన పిమ్మట ఆ గౌరవము పొందిన భారతీయు డాతడొక్కడే. నాగండ్ల గ్రామమున పుట్టినవాడు. పత్రికలో మా కన్ను నిలిచిన వాక్యము మఱొకటి. 1994లో పూనాలో జంటల యాట యాడుచుండగా ఆతని మోకాటి బంధనము తెగినదట! శస్త్రచికిత్సలు జరిగి, నడక మొదలుకొని మరల నేర్చి, 1996 మొదలు 2000 వఱకు వరుసగా అయిదేండ్లు జాతీయ విజేత యయ్యెనట!

ఆ పత్రికను మడిచి పట్టుకొని తోటకు పరుగెత్తితిమి. పిల్లవాడు రెండుమాఱులు చదివెను. "మళ్లా ఆడల్లంటే ఎన్ని లచ్చలు కావల్ల సార్?" అని యడిగెను. మేము తెచ్చిన యోదార్పు వాని బీదఱికము ముందు నిలువలేదు. అయినను వచ్చునప్పుడు, "బడి తెఱచిన పిమ్మట వచ్చి లెక్క వ్రాసిపెట్టుము" అని మాత్రము చెప్పి వచ్చితిమి.

గోపీచంద్ జీవితమును ఆనాటినుండి మేము పాఠ్యపుస్తకమువలె చదువుచున్నాము. గెలిచిన క్రొత్తలో ఒక శీతలపానీయపు కంపెనీవారు ప్రకటనకై ధనమియ్య జూపగా, అట్టి పానీయములు ఆరోగ్యమునకు మంచివి కావని తిరస్కరించెను. గాయములు మరల బాధింప, ఆట తగ్గించి శిక్షకు డయ్యెను. 2003లో ప్రభుత్వము హైదరాబాదు చెంత గచ్చిబౌలిలో అయిదెకరముల భూమి నిచ్చెను. కట్టుటకు ధనము చాలక ఆతడు తన యిల్లు తాకట్టు పెట్టెను. 2008లో శిక్షణాలయము వెలసెను. దాని ఫలములు లోకమెఱుగును: 2012లో లండను ఒలింపిక్సున సైనా నెహ్వాలునకు కాంస్యము, 2016లో రియోలో పి.వి. సింధునకు రజతము. రియోకు మునుపు మూడుమాసములు సింధు చేత ఫోను లేదు. అచటికి పోయిన పిమ్మట తీపిపెరుగును, ఐస్‌క్రీమును గూడ మాన్పించెను. పతకము వచ్చిన వెంటనే, ఇక ఫోను తిరిగి యిచ్చెదనని తానే చెప్పెను. ఈ కాఠిన్యము వేఱు, మేము చూపిన కాఠిన్యము వేఱు. ఆతడు శిష్యురాలి రుచిని ఆపెను గాని దేహమును పణము పెట్టలేదు. శిష్యులు తన్ను విడిచిపోవుటయు నాతడు చూచెను. 2014లో సైనా బెంగుళూరికి పోయి వేఱొక గురువును ఆశ్రయించెను. 2017లో మరల వచ్చెను. శిష్యుడు తన సొత్తని తలచు గురువునకు ఇట్టి రాకపోకలు సహింప శక్యమా?

2009లో ఆతనికి ద్రోణాచార్య పురస్కార మొసగిరి. ఆ పేరు వినినప్పుడు మాకు సంతోషముతోపాటు ఒక ముల్లును గ్రుచ్చుకొనెను. ఏకలవ్యుని బొటనవ్రేలిని గురుదక్షిణగా గొన్నవాడు ద్రోణుడే కదా! ద్రోణుడు నోరు తెఱచి యడిగెను. మేము అడుగకయే ఒక బాలుని మోకాలు గైకొంటిమి.

గొప్పగా ఆడినవాడు గొప్పగా నేర్పునను నమ్మకముగూడ నిలువదు. బాస్కెట్‌బాలును వృత్తిగా నాడినవారిలో బిల్ రస్సెల్‌ను మించినవా రరుదు. 1956 మొదలు 1969 వఱకు బోస్టను జట్టున 13 ఏండ్లాడి 11 పర్యాయములు విజేత యయ్యెను. 1966లో ఆటగాడుగా నుండియే శిక్షకుడునై, ఎన్.బి.ఏ. జట్లలో ఆ పదవి నందిన మొదటి నల్లజాతివా డయ్యెను; 1968లోను, 1969లోను జట్టును గెలిపించెను. అట్టివాడే పిదప 1987లో శాక్రమెంటో జట్టు నేర్పబోయి, ఏడాది తిరుగకమునుపే తొలగింపబడెను. ఆటను సృష్టించిన నైస్మిత్‌కూడ కాన్సాస్ విశ్వవిద్యాలయమున శిక్షకుడుగా 55 ఆటలు గెలిచి 60 ఓడెను. ఆయన శిష్యుడు ఫాగ్ ఆలెన్ అచటనే 39 ఏండ్లు శిక్షకుడై గురువును మించెను. కల్పించుట యొక విద్య, ఆడుట యొక విద్య, ఆడించుట వేఱొక విద్య. మొదటి రెండింట తన చేయి పని చేయవలెను. మూడవదానిలో తన చేయి ముడుచుకొనవలెను.

మా పిల్లవాడు జూనులో వచ్చెను. లెక్క వ్రాయుచు కూర్చుండెడివాడు. ఒకనాడు మెల్లగా, "ఆ పిల్లోడు ఎడమకాలు దాచుకుంటా దిగతా వుండాడు, చూడండి సార్" అనెను. మేము చూచితిమి, నిజమే. ఇన్నేండ్లు మేము బంతిని చూచుచుంటిమి. వాడు కాళ్లను చూచుచుండెను. అది మొదలు చిన్నపిల్లలకు దిగుట నేర్పు పని వానికే యొప్పగించితిమి. ఎగురుట యందఱును నేర్పుదురు. దిగుట నేర్పువారు తక్కువ. క్రమముగా చదివి, వాడును వ్యాయామోపాధ్యాయు డయ్యెను.

చిత్తూరును తిరుపతియు 2022 ఏప్రిల్ 4నుండి వేర్వేఱు జిల్లాలైనవి. గడచిన సంవత్సరము తిరుపతిలో రెండు జిల్లాల బడుల నడుమ బాలికల యాట జరిగెను. ఒకవైపు మా జట్టు; ఒకవైపు వాని జట్టు. ఇంక నాలుగు నిమిషము లున్నవనగా వాని జట్టులోని మేటి బాలిక కాలు కొంచెము ఈడ్చెను. మాకు కనబడెను, వానికి మాకంటె ముందే కనబడెను. వెంటనే ఆమెను పిలిచి బల్లపై కూర్చుండబెట్టెను. ఆ పిల్ల, "నొప్పి లేదు సార్" అని యేడ్చెను. ఆ మాట విని మా యొడలు జలదరించెను. వాడు ఆమె ముందు మోకరిల్లి, జోడు విప్పుచు, "కాలు నీది తల్లీ. కప్పు ఇంకొక యేడన్నా వచ్చును" అనెను. రెండు పాయింట్లతో మేము గెలిచితిమి. కప్పు మా చేతికి వచ్చెను. మేము తిన్నగా పోయి వాని చేయి పట్టుకొంటిమి గాని నోట మాట రాలేదు. వాడు మాత్రము, "మీ పిల్లలు బాగా దిగుతున్నారు సార్" అని నవ్వెను.

ప్రియ విద్యార్థులారా, శిష్యునిచే నోడుట గురువునకు శోభయని పెద్దలందురు. ఆనాడు లెక్కలో గెలిచియు మేమోడితిమి. ఆ యోటమి మాకు మహానందమయ్యెను. మీలో కొందఱు ఆటగాండ్రగుదురు. వారిలో కొందఱు కాలక్రమమున ఈల పట్టుదురు. నాడు మీకు దక్కని గెలుపును పిల్లల కాళ్లతో సంపాదింప జూడకుడు. మీకు నొప్పి కలిగినప్పుడు, ఎవరి ముఖము చూచియు, మా ముఖము చూచియు, లేదని చెప్పకుడు. మైదానమునకు రండు; వలలు క్రొత్తవి కట్టించితిమి. మొదట దిగుట నేర్పెదము.