ఏడాది బిడ్డకు అడుగు ఒక్కటే కొలత కాదు

నస్పూర్‌లోనూ, శ్రీరాంపూర్ గనుల చుట్టుపక్కల కాలనీల్లోనూ నేను వైద్యం చేసిన ఏళ్లలో, మొదటి పుట్టినరోజు దగ్గరపడిన బిడ్డను తెచ్చినవారు తరచుగా అడిగిన ప్రశ్న ఒక్కటే. "సారూ, ఏడాది నిండింది, ఇంకా నడుస్తలేడు. పక్క క్వార్టర్ల పోరడు పది నెలలకే నడిచిండు." ఆ మాటలో బిడ్డ మీది ప్రేమ ఉంది, పక్కింటితో పోలిక కూడా ఉంది. ప్రేమను అలాగే ఉంచుకుని పోలికను మాత్రం వదిలేయమని చెప్పేవాణ్ణి.

మన పెద్దలు ఈ విషయంలో మనకన్నా నిదానస్థులు. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు పంచే ఆచారం తెలుగు ఇళ్లలో ఉంది. ఇందులో నెలల లెక్క లేదు. బిడ్డ పని చేసిననాడే పిండివంట. పలుకుకు కూడా అడుగుతో సమానంగా ఒక తీపిని కేటాయించారన్నది గమనించదగిన సంగతి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనమూ ఈ నిదానాన్నే బలపరిచింది. మన ఢిల్లీ పిల్లలతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల ఆరోగ్యవంతులైన పిల్లలను అందులో పరిశీలించారు. ఆసరా లేకుండా నడవడం కొందరిలో 8 నెలలు దాటగానే మొదలైతే, మరికొందరిలో పదిహేడున్నర నెలల దాకా పట్టింది. నూటికి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ల మీద పాకకుండానే నడక నేర్చుకున్నారు. కాబట్టి ఏడాదికి నడవకపోవడం దానంతట అది జబ్బు కాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ తక్కువైన వారాలను వయసులోంచి తీసివేసి చూడాలి. రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డ పుట్టినరోజు నాడు ఎదుగుదలలో పది నెలల బిడ్డే.

అయితే అందరూ కాళ్ల వైపు చూస్తున్నప్పుడు చెవులు మరుగున పడే ప్రమాదం ఉంది. పదమూడు నెలల మనవరాలు నడవడం లేదని ఒక నాయనమ్మ తీసుకువచ్చింది. పాప బల్ల పట్టుకుని లేచి నిలబడింది, అంచు వెంట పక్కకు అడుగులు వేసింది. నడకకు ఢోకా లేదు. కానీ నాయనమ్మ వెనుక నుంచి ఎంత పిలిచినా తల తిప్పలేదు. గోడ మీద నీడ కదిలితే మాత్రం చటుక్కున తిరిగింది. "ఇంట్ల పళ్లెం కింద పడితే చూస్తది సారూ" అన్నది ఆ తల్లి. పళ్లెం పడితే నేల అదురుతుంది, పడుతున్న పళ్లెం కంటికీ కనబడుతుంది. అది వినికిడికి పరీక్ష కాదు. చెవి నరం స్పందనను కొలిచే బెరా పరీక్షకు పంపాను. రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తక్కువని తేలింది. పాప పదిహేనో నెలలో తనంతట తానే నడిచింది. మాట మాత్రం వినికిడి యంత్రాలతో, స్పీచ్ థెరపీతో, తల్లి నెలల తరబడి పట్టిన ఓపికతో వచ్చింది.

వినబడని బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊఁ కొడుతుంది, శబ్దాలు చేస్తుంది. అందుకే ఇంట్లోవారికి అనుమానం రాదు. తరువాత ఆ శబ్దాలు క్రమంగా సన్నగిల్లుతాయి. మెదడు భాషను అందుకునే తొలి సంవత్సరాలు తిరిగి రావు. ఎంత ముందు పట్టుకుంటే మాట అంత మేలుగా వస్తుంది.

మరి ఏడాది బిడ్డలో ఏమి చూడాలి? పేరు పెట్టి పిలిస్తే తిరగాలి. టాటా చెప్పడం, చప్పట్లు కొట్టడం వంటి సైగలు చేయాలి. "వద్దు" అంటే ఒక క్షణం ఆగాలి. దుప్పటి కింద దాచిన బొమ్మను వెతకాలి. మరమరాల గింజను బొటనవేలు, చూపుడువేలు కలిపి ఎత్తాలి. ఆసరా పట్టుకుని నిలబడాలి. అమ్మనో బాపునో ఏదో ఒక మాటతో పిలవాలి. ఒకటి కాస్త ఆలస్యమైతే కంగారు వద్దు. కానీ పిలుపుకు పలకకపోయినా, సైగలేవీ లేకపోయినా, ఆసరాతోనైనా నిలబడలేకపోయినా, ఎప్పుడూ ఒకే చేతిని వాడుతున్నా వైద్యుడికి చూపించండి. పద్దెనిమిది నెలలకు నడవకపోయినా అంతే. వచ్చిన మాట, వచ్చిన పని పోతే ఏ వయసులోనైనా ఒక్క వారం కూడా ఆగకండి.

నడక తొందరగా రావాలని కూర్చోబెట్టే వాకర్ కొనకండి. అది నడకను నేర్పదు సరికదా, మెట్ల మీది నుంచి పడేస్తుంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. నేల మీద వదలండి. అన్నం తినిపించడానికి ఫోను చేతికివ్వకండి. ఏడాది బిడ్డకు తెర అవసరమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టం చేసింది. షిఫ్టు దిగి వచ్చిన తండ్రి పావుగంట ఎదురుగా కూర్చుని తారంగం ఆడితే, ఆ బిడ్డ చూపూ చెవీ చేయీ మాటా అన్నీ ఒకేసారి పనిచేస్తాయి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి ఎదుగుదల లోపాలనూ, వినికిడినీ ఉచితంగా పరిశీలిస్తాయి. బృందం వచ్చే రోజు ఎప్పుడో టీచరమ్మను అడిగి తెలుసుకోండి. ఈలోగా ఇంట్లో ఒక పని చేయండి. బిడ్డ ఆటలో మునిగి ఉన్నప్పుడు, మీ నీడ పడకుండా వెనుక నిలబడి, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి. రెండు మూడు రోజులు అలా చేసినా తిరగకపోతే, పుట్టినరోజు వేడుక ముగిసేదాకా కూడా ఆగకుండా చెవి పరీక్షకు బయలుదేరండి.