స్టిక్కర్ వెనక కంపెనీ

పీసీ కొనేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు గురించి గంటసేపు వాదించుకుంటాం. ఎస్‌ఎంపీఎస్ దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి వేసెయ్ అన్నా" అంటాం. ఈఈఈ వాణ్ణి కదా, నాకది గుచ్చుకుంటుంది. అందుకే అందరికీ డెల్టా కథ చెప్తుంటాను.

1971లో తైవాన్‌లో బ్రూస్ చెంగ్ పెట్టిన ఈ కంపెనీ మొదట్లో టీవీ విడిభాగాలు చేసేది. అక్కడ ఫ్యాక్టరీలు పెరిగాయి, కరెంటు చాలట్లేదు. కొత్త పవర్ ప్లాంట్లు కట్టడానికి ఏళ్లు పడుతుంది, ఉన్న కరెంటు వృథా కాకుండా చూద్దాం అనుకున్నాడాయన. పాత లీనియర్ సప్లై మిగులు వోల్టేజీని వేడిగా తగలేస్తుంది. స్విచింగ్ సప్లైలో ట్రాన్సిస్టర్ సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. నష్టం తక్కువ, ట్రాన్స్‌ఫార్మరూ చిన్నదే. (ల్యాబ్‌లో లీనియర్ సప్లై ఓసారి ఎత్తి చూడండి, చేతికే తెలుస్తుంది!)

1983లో డెల్టా వీటి తయారీ మొదలుపెట్టింది. తర్వాత పెద్ద పెద్ద బ్రాండ్ల కంప్యూటర్లలోకి వీళ్ల సప్లైలు వెళ్లాయి, బయట స్టిక్కర్ మాత్రం ఆ బ్రాండ్లదే. ఈసారి సీపీయూ మూత తీసినప్పుడు లోపలి చిన్నక్షరాలు చదవండి.