మూర మల్లెపూలు

చెన్నై మింట్ స్ట్రీట్‌లో మధ్యాహ్నం ఆటో కదల్లేదు. దిగి నడిచాను. చీరల కొట్లో మార్వాడీ, తోపుడుబండి దగ్గర తమిళం, ఇత్తడి సామాన్ల అంగట్లో తెలుగు. సాహుకార్ల పేరు మోస్తున్న సౌకార్‌పేటలో పది అడుగులకో భాష. నేను వెళ్ళింది ఒక సందులోని చిన్న బడికి. అక్కడ రెండో క్లాసు పిల్లవాడికి మాట నేర్పే స్పీచ్ థెరపిస్టు ఉండేది నెల్లూరులో.

మేడమీద పుస్తకాల గది. హారన్ల మోత రాకుండా తెలుగు టీచరు కిటికీ మూసి, ఫ్యాను ఆపి, ట్యూబులైటు వాడి ముఖంమీద పడేలా వీడియోకాల్ తెర ముందు కూర్చోబెట్టారు. వెలుతురు వెనకనుంచి వస్తే తెరమీద నాలుక కనబడదు. చెవులకు హెడ్‌ఫోను, చేతిలో చిన్న అద్దం.

"ఏం తిన్నావు కన్నా?" తెరమీంచి థెరపిస్టు అడిగింది.

"లసం అన్నం మిస్."

'ర' పలకాల్సిన చోటల్లా 'ల' వస్తోంది. తోటి పిల్లలు వెక్కిరిస్తే క్లాసులో పైకి చదవడమే మానేశాడట.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్ళో ఇంగ్లీషు. తమిళం యాస తెలుగులో దొర్లితే అది లోపం కాదు, దానికి చికిత్స అక్కర్లేదు. అన్ని భాషల్లోనూ అదే ధ్వని తప్పుతుంటే మాత్రం సాయం కావాలి. ఆ తేడా పట్టాలంటే వాడి ఇంటి భాష ఎరిగిన చెవి ఉండాలి. ఆ చెవి మరో ఊళ్ళో ఉన్నా ఇక్కడికి చేర్చడమే ఈ తెర చేసే మేలు. 1965లో మైసూరులో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ కూడా దూరప్రాంతాల వారికి ఇలా శిక్షణ ఇస్తోంది. 2020లో కరోనా బడులు మూయించాక ఈ పద్ధతి చాలామందికి అలవాటైంది.

తెరమీద రెండు బొమ్మలు వచ్చాయి: మూర మల్లెపూలు, గది మూల. వాడు చెప్పాలి, థెరపిస్టు విన్నదాన్ని నొక్కాలి.

"మూల."

ఆమె గది మూలను నొక్కింది.

"కాదు మిస్, పూలు!"

తన మాట ఎక్కడ దారి తప్పిందో వాడికి అప్పుడే తెలిసింది. "నాలుక కొన పైచిగురుకి ఒక్కసారి తగిలి వచ్చెయ్యాలి. 'ల'కు లాగా అక్కడే ఆగకూడదు" అంది ఆమె. వాడు అద్దంలో చూసుకున్నాడు. ఇటు టీచరు నోరు తెరిచి చూపించారు. సన్నని తేడాలు నెట్‌లో ఒక్కోసారి చెదిరిపోతాయని, వాడి మాటల్ని ఫోనులో విడిగా రికార్డు చేసి పంపుతారు కూడా. పక్కన ఈ మనిషి లేకపోతే తెర ఒక్కటీ ఏమీ చేయలేదు.

ఐదోసారికి వచ్చింది: "మూర."

పూల బొమ్మ వెలిగింది. వాడి ముఖమూ వెలిగింది.

ఇంటివాళ్ళకు థెరపిస్టు చెప్పింది ఒకటే. మాటమాటకీ ఆపి దిద్దొద్దు, సరైన మాట మీరే పలికి వినిపించండి.

సాయంత్రం గేటు దగ్గర అవ్వ చెయ్యి పట్టుకున్నాడు. "అవ్వా, మూర పూలు కొందాం. లేపు కూడా కొందాం."

"కొందాం నాన్నా," అంది అవ్వ. "రేపు కూడా కొందాం."